‘హ్యావక్’ అను మాట పుట్టుక

(మన పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు లేచినచో నివేదిక చదువునని సభవారు భయపడుట ఆచారము. నివేదికను మా సహాయోపాధ్యాయులు ఇంతకు ముందే చదివిరి గనుక నాకు కొంత స్వేచ్ఛ చిక్కినది. ఆ స్వేచ్ఛతో నేడు ఒక ఆంగ్లపదమును గూర్చి ముచ్చటింపదలచితిని. తెలుగు మాధ్యమపు బడిలో, తెలుగువారి సభలో, ఈతడు ఆంగ్లపదమును పట్టుకొని కూర్చుండుట యేమని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. ఆ పదము నన్ను మొదట ఇంగ్లండునకు గొనిపోయి, తరువాత చేయి పట్టుకొని మన చిక్కపేటకే మరల తెచ్చినది. అందుచేత కొంచెము ఓర్పు వహింపుడు. నేను భాషాశాస్త్రజ్ఞుడను కాను. నిఘంటువు తిరుగవేయుట తప్ప వేరు విద్య నాకు లేదు.

ఆ పదము ‘హ్యావక్’. ఘోరమైన నష్టము, సర్వనాశనము అని దానికి నేటి అర్థము. మన విద్యార్థులకు ఇది చిరపరిచితము. వాన, వరద, తుపాను, చలి, మిడుతలదండు, ఏది వచ్చినను వ్యాసములో ‘ప్లేడ్ హ్యావక్’ అని వ్రాయుట వారికి అలవాటు. ఆ అలవాటు వారికి వార్తాపత్రికల నుండి వచ్చినది. నా వంటి ఉపాధ్యాయుల నుండియు వచ్చినది. దాచుట యెందులకు?

తొమ్మిదవ తరగతిలో ఒకనాడు ‘వాన కురిసిన రాత్రి’ అను విషయముపై ఆంగ్లమున వ్యాసము వ్రాయించితిని. ఆ వారమే మన పేటలో పెద్దవాన కురిసి అనేకుల అంగళ్లలో నీరు చొరబడినది. ఒక బాలిక, ఆమె తండ్రికి నేలమాళిగలో చిన్న చీరెల అంగడి యున్నది, ఒక వాక్యము వ్రాసి, ‘ప్లేడ్’ అను మాట దగ్గర ఆగి, నా బల్లయొద్దకు వచ్చి యిట్లు అడిగినది.

“సార్, మా అంగట్లోకి నీళ్లొచ్చినప్పుడు మా నాయన మెట్ల మీద కూచోని ఏడ్చినాడు. ఇందులో ప్లే యాడుంది సార్?”

“అది నుడికారమమ్మా. అట్లే వ్రాయవలెను” అని చెప్పి తప్పించుకొంటిని. ఆమె అట్లే వ్రాసినది. మార్కులు కూడ వేసితిని. ముప్పది సంవత్సరములుగా ఎందరు పిల్లలకో ఇదే సమాధానము చెప్పియుంటిని. కాని ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. మరునాడు నిఘంటువులు ముందు వేసికొని కూర్చుంటిని.

తెలిసినది యేమనగా, ‘హ్యావక్’ అనునది మొదట నష్టమునకు పేరు కాదు. అది ఒక కేక.

మధ్యయుగములలో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల సైన్యములు పట్టణమునో శిబిరమునో గెలిచినపుడు, ఇక శత్రువుతో పోరు ముగిసినది, ఎవరికి దొరికినది వారు దోచుకొనవచ్చును అని తెలుపుటకు అరచెడి అరపు అది. ప్రాచీన ఫ్రెంచి భాషలో ‘హావో’ అని పలుకబడెడి మాటకు దోపిడి అని అర్థము. ‘హావో అని అరచుట’ అను పదబంధముగనే అది ఆంగ్లేయుల నోటికి వచ్చినది. అంతకు పూర్వము అది జర్మానిక్ భాషల నుండి ఫ్రెంచికి వచ్చియుండునని పండితులలో పలువురి ఊహ. పట్టుకొనుట, లాగుకొనుట అను అర్థముగల ధాతువుతో దీనికి చుట్టరికము కలదని చెప్పుదురు. ఆ మూలమును గూర్చి వాదములున్నవి. కేకను గూర్చి వాదము లేదు.

ఈ కేక యెంత ప్రమాదకరమైనదో తెలిసికొనవలెనన్న 1385వ సంవత్సరమునకు పోవలయును. ఆ యేట ఇంగ్లండు రాజగు రెండవ రిచర్డు స్కాట్లండుపై దండెత్తిపోవుచు డర్హము పట్టణమున తన సైన్యమునకు కొన్ని శాసనములు విధించెను. అందులో ఒకటి ఈ కేకను గూర్చినదే. ఎవడును ‘హ్యావక్’ అని అరచుటకు తెగింపరాదు, తెగించినచో తల తీయబడును. దోచినవానికి కాదు సుమండీ, అరచినవానికి! ఒక్క మాట పలికినందులకు మరణదండన. పిల్లలకు ఇది విచిత్రముగా తోచును. కాని కారణము స్పష్టమే. గెలుపు పూర్తికాకముందే ఒకడు ఆ కేక వేసెనేని సైనికులందరు ఆయుధములు విడిచి మూటలకై పరుగెత్తుదురు. వరుసలు చెదరును. ఓడిన శత్రువు తిరిగి వచ్చి మీదపడును. రాజునకు ఊరివారి మీద జాలి యుండెనో లేదో చెప్పజాలము, తన సైన్యము మీద మాత్రము జాగ్రత్త యుండెను. ఏమయినను, ఆ కాలమువారికి ఒక సంగతి బాగుగా తెలియును: వినాశము తనంతట తాను రాదు, ఎవడో ఒకడు నోరు విప్పును, ఆ నోరు ఎవరిదో కనుగొనవచ్చును.

తరువాతి కథ త్వరగా చెప్పుదును. పదునైదవ శతాబ్ది ముగియునప్పటికి ఈ మాటకు వినాశము అను సామాన్యార్థము వచ్చి చేరినది. 1599 ప్రాంతమున రచింపబడిన ‘జూలియస్ సీజర్’ నాటకమున, మూడవ అంకములో, చచ్చిపడియున్న సీజరు ప్రక్కన నిలిచి ఆంటొనీ చెప్పు మాటలలో అది ఇంకను కేకగనే యున్నది. షేక్స్పియరునకు పాత యర్థము తెలియును. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలులో మాత్రము, సౌలు క్రైస్తవ సంఘమును హింసించిన సందర్భమున, అది కేక కాక ఒక చేతగా మారినది. అటుపిమ్మట మనుష్యులు చేయు పనికి, ఆ తరువాత గాలికి, వానకు, చివరకు అజీర్ణమునకు కూడ ఈ మాటనే వాడసాగిరి. ‘రీక్ హ్యావక్’ అని మరియొక పదబంధమున్నది. అందలి ‘రీక్’ అనుదానికి పూర్వార్థము పగతీర్చుకొనుట. వానకు మనమీద పగ యెందులకో! (ఒక వ్యాకరణ విశేషము: ఈ మాట ‘సి’ అక్షరముతో ముగియును. దీనిని క్రియగా మార్చి ప్రత్యయము చేర్చునపుడు ‘పిక్నిక్’ అను మాటకు వలెనే నడుమ ‘కె’ అక్షరము చేరును. పరీక్షలకు పనికివచ్చును, వ్రాసికొనుడు.)

ఇక మన పేటకు వత్తము.

1537లో కెంపేగౌడ ప్రభువు ఈ పేటను నిర్మించినాడు. దొడ్డపేట చౌకమునుండి నాలుగు నాగళ్లు నాలుగు దిక్కులకు సాగినవని ఐతిహ్యము. అక్కిపేట, బళేపేట, అరళేపేట, నగర్తపేట – బియ్యము, గాజులు, ప్రత్తి, వర్తకులు. పేరు చెప్పినంతనే సరకో, సరకమ్మువారో కన్నుల గట్టుదురు. మన తెలుగు నేతగాండ్రును, వర్తకులును తరతరములుగా ఇచట మగ్గములు, త్రాసులు పెట్టుకొని బ్రదికినవారే. పేట చుట్టును మట్టిగోడయు, కందకమును, దట్టమైన ముండ్లపొదల కంచెయు నుండెడివి. దక్షిణమున కోట. కోటలో సైన్యము, పేటలో జనము.

మూడవ మైసూరు యుద్ధములో, 1791వ సంవత్సరము మార్చి నెల 7వ తేదీని, గవర్నరు జనరలు కార్న్‌వాలిస్ ప్రభువు సైన్యము ఈ పేటపై పడినది. కోటకు పూర్వమే పేట. హలసూరు ద్వారము దగ్గర ఘోరమైన పోరు జరిగెను. ఆంగ్లేయుల ఫిరంగిదళమునకు చెందిన కర్నల్ మూర్‌హౌస్ అచటనే కూలెను. ద్వారము పగిలినది. టిప్పు సుల్తాను పంపిన సైన్యము ఆనాడే పేటను మరల పట్టుకొన జూచి, వీథులలో పోరాడి, చాలమందిని కోల్పోయి వెనుదిరిగెను. పేటవాసులలో ఎక్కువమంది అంతకు ముందే కట్టుబట్టలతో వెడలిపోయిరి. వారు విడిచిపోయిన ఇండ్లును, అంగళ్లును గెలిచినవారి చేత దోపిడి కాబడెను. రెండు వారముల పిదప, 21వ తేదీ రాత్రి, కోటయు పడెను. కిల్లేదారు బహదూర్ ఖాను పోరాడుచు మరణించెను.

ఆ రాత్రి గోడ కూలిన తావును చెప్పు రాతిఫలకము కోటకు సంబంధించి యున్నది. పేటలోని దోపిడికి మాత్రము ఎచటను ఫలకము నేను చూచియుండలేదు. ప్రతిదినము నేను బడికి నడచివచ్చు వీథులివి. ఆనాడు ఈ వీథులలో జరిగినదే ‘హ్యావక్’ అను మాటకు మొదటి, నిక్కమైన యర్థము. వాన కాదు, గాలి కాదు. ఒకరి ప్రత్తిమూటను మరియొకరు భుజమున వేసికొనిపోవుట.

చిత్రమేమనగా, ఆ కాలముననే ఆంగ్లేయులు మన దేశమునుండి ఆ పనికే మరియొక పేరును కూడ మూటగట్టుకొనిరి. అదియే ‘లూట్’. మన లూటీ. సంస్కృతమున లుంఠనమను మాటకు ఇది దగ్గరి చుట్టము, హిందీ నుండి ఆంగ్లమున ప్రవేశించినది. 1788లో అచ్చయిన భారతీయ పదముల పట్టికయందే ఇది కనబడుచున్నది. యూల్, బర్నెల్ అనువారు కూర్చి 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ అను నిఘంటువులో ‘లూట్’ కలదు, కోటను ఆనుకొనియున్న ఊరు అను అర్థముతో ‘పెట్టా’, అనగా మన ‘పేట’యు కలదు. దోచబడిన తావు పేరును, దోచిన పని పేరును ఒకే గ్రంథమున చేరినవి. తన భాషలో హ్యావక్ ఉండగా ఆంగ్లేయునకు లూటీ యేల కావలసివచ్చెనని నేను ఆలోచించితిని. నాకు తోచిన దొకటే. అప్పటికి హ్యావక్ అరిగిపోయినది. అందులోని దొంగ కనబడుట మానినాడు. దొంగ కనబడు క్రొత్తమాట వారికి అవసరమైనది.

మన మాటలు మాత్రము అరుగలేదా? అవియు అరిగినవి. పత్రిక తెరచినచో ‘తుపాను బీభత్సము’ అని పెద్ద అక్షరములలో నుండును. హ్యావక్ అనుదానికి మన పత్రికలవారు చేసికొన్న తెలుగు అదియే. కాని బీభత్సమనగా వినాశము కాదు. రోత. నాట్యశాస్త్రమున చెప్పబడిన రసములలో అది యొకటి. దాని స్థాయిభావము జుగుప్స. చూడజాలక ముఖము త్రిప్పుకొనునట్టిది బీభత్సము.

విరాటపర్వమున ఉత్తరకుమారుడు అడుగగా అర్జునుడు తన పది పేర్లకు అర్థము చెప్పును. పెద్దలకు తెలిసిన కథయే. అందు ‘బీభత్సుడు’ అనునది యొకటి. ఎందులకు ఆ పేరు? యుద్ధమున నెన్నడును రోతపుట్టించు పని చేయడు గనుక ఆ పేరని అర్జునుడే వివరించినాడు. డర్హములో రాజు సైన్యమునకు పెట్టిన కట్టడిని ఈతడు తనకు తానే పెట్టుకొన్నాడని నాకు ముచ్చట కలిగినది. అయితే ఆ పదింటిలోనే ‘ధనంజయుడు’ అను పేరును కలదు. దేశములను జయించి వాని ధనమును గైకొన్నవాడు! రెండు పేర్లును ఒక్కనివే. వ్యాసమహర్షి ఏదియు దాచలేదు. పైగా ఇదంతయు ఆలమందలను కౌరవులు దోచుకొనిపోయిన సందర్భము. ఆ పోరు ముగియగా ఉత్తర బొమ్మపొత్తికలకై, మూర్ఛిల్లిన వీరుల పట్టుతలపాగలను, ఉత్తరీయములను కోయించి తెచ్చుటయు కలదు. చీరెల పేటలోని బాలికలకు ఆ ఘట్టము చెప్పునపుడు నవ్వులు తగ్గించుట నాకు ప్రతియేట కష్టమగుచున్నది.

దోపిడికి అచ్చ తెలుగు మాటలు మనకు కొరతగా లేవు. చూఱ, కొల్ల, దోపు. చూఱగొనుట, కొల్లగొట్టుట. ఈ మాటలను వరుసగా కాగితముపై వ్రాసికొనుచుండగా, ‘కొల్లలాడు’ అను క్రియ యొద్ద నా కలము నిలిచిపోయినది. కొల్లలాడుట! ఇందులో ‘ఆట’ యున్నది కదా! పోట్లాట, కొట్లాటలలో నున్న ఆటయే. ఆంగ్లమున ‘ప్లే’ అనుదానికి పూర్వము వినోదమనియే కాక, చుఱుకుగా కదలుట, ఒక పనిలో మునుగుట అను అర్థములును ఉండెడివి. మన ‘ఆడు’ ధాతువు తీరును అట్టిదే. గాలి ఆడును, ఊపిరి ఆడును, చేయి ఆడును. ‘ప్లే హ్యావక్’ అనుదానికి నిఘంటువు ఇచ్చు ఏ తెలుగుకంటెను ‘కొల్లలాడు’ అనునది సరియైన తెలుగు. ముప్పది యేండ్లుగా నా యెదుట నున్న మాటను ఒక బాలిక అడిగిన పిదప చూచితిని.

మరునాడు తరగతికి పోయి ఆమెను పిలిచి ఈ సంగతి యంతయు ఉత్సాహముతో చెప్పితిని. ఆమె శ్రద్ధగా వినినది. విని, మరల ఒక ప్రశ్న వేసినది.

“అయితే కొల్లలాడినోళ్లు ఎవరు సార్? వాన ఏమీ తీసుకోనిపోలేదే.”

నిజమే. కొల్లలాడుటకు కర్త మనుష్యుడు కావలయును. వానకు భుజము లేదు, మూట లేదు. అందుచేతనే కాబోలు, నిజముగా నీటిచేత నష్టపోయినవారు ఇట్టి మాటలు వాడరు. మా మేనత్తగారిది కృష్ణాతీరము. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై సముద్రము పొంగి వేలకొలది జనము మరణించిన సంగతి మీరెరుగుదురు. పత్రికలు దానిని గూర్చి ఎన్ని మాటలైనను వ్రాసియుండవచ్చును. మా మేనత్తగారు బ్రదికినంత కాలము ‘ఉప్పెన’ అనిరే గాని వేరొక మాట అనలేదు. ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తరువాత’ అని లెక్క చెప్పెడివారు. అందులో రోత లేదు, ఆట లేదు, దొంగ లేడు. నీరు వచ్చినది, అంతే.

కాని మన పేటలో వచ్చిన నీటిని ‘నీరు వచ్చినది, అంతే’ అని విడిచిపెట్టవచ్చునా? ఇచట బాలిక ప్రశ్నకు పూర్తిగా జవాబు చెప్పుట నాకు చేతగాలేదు. తెలిసినంత చెప్పితిని. పేటకు పడమట, నేడు కెంపేగౌడ బస్సు నిలయమున్న తావున, ఒకప్పుడు ధర్మాంబుధి చెరువుండెడిది. ఊరివారు దాని నీరే త్రాగెడివారు. తూర్పున సంపంగి చెరువున్న తావున నేడు కంఠీరవ క్రీడారంగమున్నది. చెరువులు పూడినవి, వానలు మాత్రము కురియుట మానలేదు. ఎక్కడికి పోవలెనో తెలియని నీరు మెట్లు దిగి నేలమాళిగలోనికి పోవును. 2022 సెప్టెంబరులో నగరపు తూర్పు భాగములు మునిగినపుడును పత్రికలలో మన పాత స్నేహితుడు హ్యావక్ తరచుగా కనబడినాడు. ఆడినది వానయే యని వ్రాసిరి. చెరువు మీద మొదటి మట్టితట్ట పోయుమని చెప్పిన నోరు ఎవరిదో, అది ఏ వాక్యమునకును కర్త కాలేదు.

ఆ బాలిక వ్యాసమును మరల వ్రాసికొనివచ్చెదనని అడిగినది. సరేనంటిని. ఈసారి ఆంగ్లమున మూడు చిన్న వాక్యములు వ్రాసినది. మా వీథి కాలువపై బండలు పరచి మూసినారు. నీరు మా అంగటిలోనికి వచ్చినది. మా తండ్రిగారి నలువదియొక్క చీరెలు తడిసినవి. ‘మూసినారు’ అను మాట క్రింద తానే గీత గీసికొని, “ఎవరని రాయాల సార్?” అని అడిగినది.

కనుగొని వ్రాయుమంటిని. ఆ వ్యాసమును ఈ సంచికలోనే బాలల పుటలలో అచ్చువేయుటకు సంపాదకవర్గము అంగీకరించినది. గీత క్రింద ఖాళీ ఇంకను అట్లే యున్నది.